ఎల్‌ఈడీ ఇండికేటర్లు దడదడ కొట్టుకుంటే రెసిస్టర్ కట్టాలా, ఫ్లాషర్ మార్చాలా?

పానగల్ వైరింగ్:
బండికి ఎల్‌ఈడీ ఇండికేటర్లు పెట్టించినంక నల్లగొండలనైనా పాలమూరులనైనా వచ్చే తిప్పలు ఒక్కటే. స్విచ్ నూకంగనే దడదడ కొట్టుకుంటయ్. కొందరు మెకానిక్‌లు ఒక్కో ఇండికేటర్‌కు ఒక్కో రెసిస్టర్ (కరెంటును వేడిగ మార్చే ముక్క) కడ్తున్నరు, కొందరు ఇండికేటర్లను కొట్టించే డబ్బా, అంటే ఫ్లాషరే మారుస్తున్నరు. రెండిటితోని వేగం తగ్గుతది గానీ రెండూ ఒకటి కాదు. నా మాట ముందే చెప్తున్న: ఫ్లాషర్ విడిగా ఉన్న బండికి రెసిస్టర్ కట్టొద్దు.

పాత ఫ్లాషర్ కరెంటును బట్టి కొడ్తది. డబ్బా మీద 12 వోల్ట్, 10 వాట్ × 2, 85 సీ/ఎమ్ అన్నట్టు అచ్చు ఉంటది. ముందు ఒక 10 వాట్ బల్బు, వెనక ఒక 10 వాట్ బల్బు ఉన్నప్పుడు నిమిషానికి 85 సార్లు అని దాని లెక్క. ఒక బల్బు మాడితే కరెంటు సగమైతది, వేగం దాదాపు రెట్టింపైతది. నడిపేటోనికి బల్బు పోయిన సంగతి తెలియాలని అట్ల చేసిన్రు. ఎల్‌ఈడీ ఒక్కొక్కటి ఒకటి, ఒకటిన్నర వాట్ కంటే ఎక్కువ తీసుకోదు. 20 వాట్ల జాగాల 3 వాట్లే కనబడితే ఫ్లాషర్ బల్బు పోయిందనే అనుకుంటది. ముందల బల్బులు ఉంచి వెనక ఒక్కటే ఎల్‌ఈడీ పెట్టినా ఇదే కథ, మొత్తం 11, 12 వాట్లు దాటదు.

మరి తక్కువ కరెంటు తినే సామాను పెట్టుకొని, మళ్ల ఆ కరెంటును రెసిస్టర్ల వేడి చేసి పారేసుడు ఎందుకు? లోడుతోని, అంటే లైట్లు తీసుకునే కరెంటుతోని సంబంధం లేకుండ కొట్టే ఎల్‌ఈడీ ఫ్లాషర్ పెడితే అయిపాయె.

పాలమూరు రెంచ్:
"ఫ్లాషర్ విడిగా ఉన్న బండికి" అని మీరే అన్నరు. అది లేని బండ్ల సంగతి చెప్పున్రి. కొత్త బండ్లల్ల కొన్నిటికి ఫ్లాషర్ పని మీటర్‌లనో కంట్రోల్ యూనిట్‌లనో కలిసిపోయింది. పీకి మార్చేటందుకు డబ్బానే ఉండదు. అక్కడ రెసిస్టర్ తప్ప వేరే దారి లేదు.

ఇంకో మాట. రెసిస్టర్‌కు చెడ్డపేరు వచ్చింది తప్పు విలువ పెట్టుడు వల్ల. దుకాణంల చేతికిచ్చేది 6 ఓమ్‌లు, 50 వాట్లది. అది కారుది, 21 వాట్ల బల్బు కోసం చేసింది. బండి నడుస్తుంటే 13.5 వోల్టులు ఉంటయ్ అనుకుందాం. 13.5ను 13.5తో గుణించి 6తో భాగిస్తే 30 వాట్లు దాటుతది. 10 వాట్ల బల్బు జాగాల 30 వాట్లు! అదే 10 ఓమ్‌లది పెట్టి చూడున్రి, 18 వాట్లు. ఎల్‌ఈడీలవి 3 కలిపితే 21, అంటే కంపెనీ లెక్కకు సరిపాయె. అందుకని ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, మొత్తం రెండే చాలు, నాలుగు అక్కర్లేదు. ఒక్కో ఇండికేటర్‌కు విడిగా కట్టాలనుకుంటే 15 ఓమ్‌లవి తీస్కోవాలె. ఇవి మన దగ్గర దొరకకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీల ఎలక్ట్రానిక్స్ దుకాణాల్ల అడగున్రి.

కట్టేటప్పుడు ఇండికేటర్‌కు పక్కపక్కనే కట్టాలె. రెసిస్టర్ ఒక కొస ఇండికేటర్ ప్లస్ వైరుకు, ఇంకో కొస ఎర్త్‌కు, అంటే బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉన్న చాసిస్ ఇనుముకు. వైరు కోసి మధ్యల కడితే ఎల్‌ఈడీకే కరెంటు తగ్గుతది, వేగం మారదు. "రెసిస్టర్ పెట్టినా లాభం లేదు" అనేటోళ్లల్ల మస్తుమంది చేసిన పని ఇదే.

పానగల్ వైరింగ్:
విలువ సంగతి ఒప్పుకుంటున్న. కానీ వేడి ఎక్కడికి పోతది? మీరు చెప్పిన 10 ఓమ్‌లదే తీసుకున్నా, సగం టైం వెలిగి సగం టైం ఆరుతది కాబట్టి సగటున 9 వాట్లు. యూ-టర్న్ కాడ రెండు నిమిషాలు ఇండికేటర్ వేసి నిలబడితే వేలు పెట్టనియ్యదు. మే నెలల నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలు. సీటు కింద గాలి ఆడదు. 50 వాట్లు తట్టుకుంటదన్న మాట, దాన్ని లోహపు పలకకు బిగిస్తేనే. జిప్ టైతో వైరింగ్‌కు కట్టేసి వదిలేస్తే అందుల చిన్న భాగం కూడ తట్టుకోదు. పక్కన వైర్ల తొడుగు మెత్తబడి ఒకటికొకటి అంటుకుంటే ఫ్యూజ్ పోతది, ఫ్యూజ్‌కు బదులు వైరు ముక్క చుట్టిన బండి అయితే వైరింగే మాడుతది.

6 ఓమ్‌లవి నాలుగు కట్టిన బండ్లకు ఇంకో ప్రమాదం. హ్యాండిల్ మీది ఇండికేటర్ స్విచ్‌ల చిన్న రాగి పాయింట్లు ఉంటయ్. అవి ఒకటిన్నర, రెండు ఆంపియర్ల కోసం చేసినవి. రెండు 6 ఓమ్‌లవి ఒక దిక్కు ఉంటే నాలుగున్నర ఆంపియర్లు పోతది. పాయింట్ నల్లబడి, కొద్ది నెలలకు ఎడమ దిక్కు పనిచేసుడు మానేస్తది. దాని మీద నాలుగూ ఒక్కసారి కొట్టించే హజార్డ్ స్విచ్ కూడ పెట్టించుకుంటే 9 ఆంపియర్లు.

దేవరకొండ రోడ్డు:
మీ ఇద్దరి వాదన ఎల్‌ఈడీ వల్లనే వేగం పెరిగింది అన్న దాని మీద నడుస్తుంది. అది తేల్చుకోకుండ డబ్బులు పెట్టొద్దు. ఎడమ దిక్కు వేగంగ, కుడి దిక్కు మామూలుగ కొడుతుందా? అయితే తప్పు ఫ్లాషర్‌ది కాదు, ఆ ఎడమ దిక్కుదే. రెండు దిక్కులా ఒక్కతీరు వేగం ఉంటేనే లోడు సంగతి.

ఒక్క దిక్కే ఉంటే ముందుగ ఎర్త్ చూడుండ్రి. కంపెనీ ఇండికేటర్‌ను బండికి పట్టి ఉంచే కాడ లోహంది అయితే కొన్ని బండ్లల్ల ఎర్త్ ఆ కాడ నుంచే చాసిస్‌కు పోతది. మార్కెట్ ఇండికేటర్ కాడ రబ్బరుదో ప్లాస్టిక్‌దో. దానికి నల్ల వైరు విడిగా ఇస్తరు, దాన్ని ఎక్కడనో బోల్ట్ కింద ఇరికిస్తరు. బోల్ట్ కింద పెయింట్ ఉంటే ఎర్త్ అందదు. ఎమ్రీ కాగితంతోని ఇనుము మెరిసేదాక గీకి, రింగ్ టెర్మినల్ పెట్టి బిగించి, పైన కొద్దిగ గ్రీజు పూయాలె. గ్రీజు లేకుంటే ఒక్క వానకాలంల తుప్పు పట్టి మళ్ల మొదటికొస్తది.

బల్బులే ఉన్న పాత బండి దడదడ కొడితే, ఒక బల్బు మాడి ఉండొచ్చు, లేదంటే 10 వాట్లది దొరకక 5 వాట్లది పెట్టి ఉండొచ్చు. హోల్డర్ అడుగున స్ప్రింగ్ కాడ పచ్చగ చిలుం పట్టినా ఇట్లనే చేస్తది.

మిర్యాలగూడ స్పేర్స్:
ఫ్లాషర్ మార్చాలనుకునేవాళ్లు రెండు పిన్నులదా, మూడు పిన్నులదా అన్నది చూసుకోవాలి. రెండు పిన్నుల ఎల్‌ఈడీ ఫ్లాషర్‌కు విడిగా ఎర్త్ ఉండదు, తాను బతకడానికి కావలసిన కరెంటును ఆ ఎల్‌ఈడీల గుండానే లాక్కుంటుంది. అందుకే కొన్ని బండ్లలో ఇండికేటర్ ఆరిన క్షణంలో కూడా ఎల్‌ఈడీలు మసకగా వెలుగుతుంటాయి. వీలైతే మూడు పిన్నులదే కొనండి. పాత కప్లర్‌లో (ఫ్లాషర్ గుచ్చే వైర్ల సాకెట్‌లో) రెండే వైర్లు ఉంటే మూడో పిన్ను నుంచి ఒక వైరు తీసి చాసిస్‌కు కట్టుకుంటే సరిపోతుంది.

పిన్నుల వరుస అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. బీ అంటే తాళం నుంచి వచ్చే ప్లస్, ఎల్ అంటే స్విచ్‌కు పోయేది, ఈ అంటే ఎర్త్. కప్లర్ ఆకారం సరిపోయిందని గుచ్చేస్తే బీ, ఈ తారుమారై కొత్త ఫ్లాషర్ అక్కడికక్కడే పోతుంది. పాత ఫ్లాషర్ పీకేసి, తాళం ఆన్ చేసి, టెస్ట్ ల్యాంప్ క్లిప్పును చాసిస్‌కు పెట్టి కప్లర్ రంధ్రాల్లో మొన ఆనించండి. వెలిగింది బీ. ఇప్పుడు క్లిప్పును బ్యాటరీ ప్లస్‌కు మార్చి, ఇండికేటర్ స్విచ్ మధ్యలో ఉంచి మళ్లీ చూడండి. వెలిగింది ఈ. మిగిలిన ఎల్‌ను తేల్చడానికి స్విచ్ ఎడమకు వేసి, బీ నుంచి ఎల్‌కు ఒక చిన్న వైరు ముక్క అడ్డంగా పెట్టండి. ఎడమవైపు ముందూ వెనకా రెండూ కొట్టుకోకుండా నిలకడగా వెలగాలి. వెలగకపోతే తప్పు ఫ్లాషర్‌ది కాదు, పైన దేవరకొండ అన్న చెప్పిన ఎర్త్ సంగతి ముందు చూడండి.

హోండా, పాత హీరో హోండా బండ్లలో రంగులు గుర్తుపట్టడం తేలిక. ఆకుపచ్చ ఎర్త్, బూడిద రంగు ఫ్లాషర్ నుంచి స్విచ్‌కు, నారింజ ఎడమ, లేత నీలం కుడి. కానీ ఒకసారి ఎవరైనా వైరింగ్ కిట్ మార్చిన బండి అయితే రంగును నమ్మొద్దు, ల్యాంప్‌నే నమ్మండి.

జడ్చర్ల 44:
ఫ్లాషర్ మార్చి "అయిపాయె" అనుకున్నోళ్లకు అసలు తలనొప్పి అప్పుడే మొదలైతది. ఎడమకు వేస్తే నాలుగూ కొట్టుకుంటయ్! దీని గురించి పానగల్ అన్న ఒక్క ముక్క చెప్పలే.

మీటర్ మీద రెండు దిక్కులకూ కలిపి ఒక్కటే పచ్చ లైటు ఉన్న బండ్లల్ల ఇది వస్తది. ఆ చిన్న బల్బుకు ఎర్త్ వైరు ఉండదు. ఒక కొస ఎడమ వైరుకు, ఇంకో కొస కుడి వైరుకు. ఎడమకు వేసినప్పుడు దాని కరెంటు కుడి దిక్కు బల్బుల గుండా ఎర్త్‌కు పోతది. 10 వాట్ల బల్బుకు ఆ కొద్ది కరెంటు ఒక లెక్క కాదు, వెలగదు. ఎల్‌ఈడీకి మాత్రం అదే చాలు.

కరెంటును ఒక్క దిక్కుకే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్లు రెండు తీస్కోండి, రెండు కలిపి పది రూపాయల లోపే. పచ్చ లైటు నుంచి రెండు వైర్లు విడదీసి, ఎడమ వైరును ఒక డయోడ్‌కు, కుడి వైరును ఇంకో డయోడ్‌కు, గీత లేని కొసలకు కలపాలె. వెండి గీత ఉన్న రెండు కొసలు ఒక్క తాన కలిపి పచ్చ లైటుకు ఇయ్యాలె. పచ్చ లైటు రెండో కొసను ఎర్త్‌కు. డయోడ్ కాళ్లు సన్నగ ఉంటయ్, మెలిపెట్టి టేపు చుడితే బండి కుదుపులకు విరుగుతయ్. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలె. గీత తిరగబడితే పచ్చ లైటు అసలే వెలగదు, వేరే నష్టం లేదు, తిప్పి పెట్టుకోవచ్చు. మీటర్‌ల ఎడమకు ఒక బాణం, కుడికి ఒక బాణం విడిగా ఉన్న బండ్లకు ఈ పని ఉండదు.

పాలమూరు రెంచ్:
జడ్చర్ల అన్న చెప్పిన దాంట్లనే నా వాదనకు బలం ఉంది. రెసిస్టర్ కట్టిన బండికి ఆ డయోడ్ల పని పడదు. పచ్చ లైటు నుంచి వచ్చే కరెంటు కుడి దిక్కు రెసిస్టర్ గుండా దిగిపోతది, ఎల్‌ఈడీ వెలిగేటంత వోల్టేజీ మిగలదు. పచ్చ లైటు మీటర్ బోర్డుకే అతికి ఉన్న బండిల మీటర్ విప్పి ట్రాక్ కోసుడు కంటే రెండు రెసిస్టర్లు చాసిస్‌కు బోల్ట్ చేసుడు మంచిదా కాదా? కంపెనీ కప్లర్‌కు జోడు కప్లర్ పెట్టి చేస్తే వైరు కోసే అవసరం కూడ లేదు, వారంటీ ఉన్న బండికి అది పెద్ద మాట.

కృష్ణా తీరం:
ఇద్దరూ మరచిపోతున్న విషయం ఒకటి ఉంది. బల్బు పోతే వేగంగా కొట్టి చెప్పడం అన్నది భద్రత కోసం. ఎల్‌ఈడీ ఫ్లాషర్ పెడితే అది పోతుంది. రెసిస్టర్ పెట్టినా పోతుంది, ఎందుకంటే ఎల్‌ఈడీ మాడిపోయినా రెసిస్టర్ తన 18 వాట్లు తాను తింటూనే ఉంటుంది, ఫ్లాషర్‌కు అంతా బాగున్నట్టే కనబడుతుంది. వెనక ఇండికేటర్ ఆరిపోయిన సంగతి నడిపేవాడికి తెలియదు. సూర్యాపేట దిక్కు 65వ జాతీయ రహదారి మీద రాత్రి లారీల ముందు కుడికి తిరిగేవాడికి ఇది చిన్న విషయం కాదు.

దానికి తోడు చాలా చవక ఎల్‌ఈడీలు ఎదురుగా నిలబడితేనే మెరుస్తాయి. పక్కకు నాలుగడుగులు వేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో చూడండి, కొట్టుకుంటున్నట్టే తెలియదు. ఇండికేటర్ అద్దం సైజు కూడా కంపెనీదాంట్లో సగం ఉండదు. నా ఓటు మంచి కంపెనీ బల్బులకే.

పానగల్ వైరింగ్:
కృష్ణా తీరం చెప్పింది కాదనేటట్టు లేదు. అయినా జనం ఎల్‌ఈడీ మానరు. పెట్టుకునేటోళ్లు వారానికి ఒకసారి బండి స్టాండ్ వేసి నాలుగు దిక్కులా చూసుకోవాలె, అంతకన్నా ఉపాయం లేదు. కాషాయ రంగుదే కొనుండ్రి, తెల్లది, నీలిది వద్దు. నిబంధన ప్రకారం నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టాలె. కొన్ని ఎల్‌ఈడీ ఫ్లాషర్లకు పక్కన చిన్న స్క్రూ ఉంటది, దాన్ని తిప్పి ముప్పై సెకన్లకు 40 నుంచి 45 వచ్చేటట్టు పెట్టుకోవాలె. పరుగెత్తే లైట్ల ఇండికేటర్లు కొన్నోళ్లు ఇంకొంచెం తక్కువ పెట్టుకోవాలె. నిమిషానికి 90 అంటే ఒక్కోసారి వెలిగేది మూడో వంతు సెకనే, ఆ లోపల లైటు కొసదాక పరుగెత్తదు, సగంలనే ఆరిపోతది.

పాలమూరు అన్నా, ఫ్లాషర్ లోపల కలిసిపోయిన బండ్లకు రెసిస్టరే అన్నది సరే. కానీ డయోడ్ల పని తప్పించుకునేటందుకు రెసిస్టర్ పెట్టుడు నేను ఒప్పుకోను. డయోడ్ పని గంట, రెసిస్టర్ వేడి బండి ఉన్నన్ని దినాలు.

పాలమూరు రెంచ్:
గంట పని వచ్చినోనికి గంట. మీటర్ విప్పి నీళ్లు పోకుండ మళ్ల మూసుడు అందరి చేత కాదు. వానకాలం మీటర్ లోపల ఆవిరి పట్టిన బండ్లు ఎన్నో చూస్తనే ఉన్నం కద. బోర్డుకు అతికిన పచ్చ లైటు ఉన్న బండికి నేను 10 ఓమ్‌లవి రెండే చెప్త, అవి కూడ ప్లాస్టిక్‌కు, పెట్రోల్ పైపుకు దూరంగ, ఉత్త ఇనుముకు బోల్ట్ చేసి.

మిర్యాలగూడ స్పేర్స్:
ఒక చిన్న విషయం. ఇప్పటికే నాలుగు 6 ఓమ్‌లవి కట్టించుకొని, ఇప్పుడు ఎల్‌ఈడీ ఫ్లాషర్ కూడా తెచ్చుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఫ్లాషర్ పెట్టి రెసిస్టర్లు అట్లాగే వదిలేయకండి. వేగం సరిగ్గానే వస్తుంది కాబట్టి అవి ఉన్న సంగతి మరచిపోతారు, స్విచ్ పాయింట్ మాత్రం మాడుతూనే ఉంటుంది. ముందు నాలుగూ విప్పి, అతుకు వేసిన చోట వైరు తొడుగు సరిగ్గా మూసి, ఆ తర్వాతే కొత్త ఫ్లాషర్ గుచ్చండి. విప్పాక ఎడమకు వేస్తే నాలుగూ కొట్టుకుంటే జడ్చర్ల అన్న చెప్పిన రెండు డయోడ్లు కావాలి.