విజన్ బోర్డు గోడ మీద ఉంచాలా, తీసేయాలా?

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్:
అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను, ఇది మూడో ఏడాది. జనవరిలో ఒక మోటివేషన్ క్లాసుకి వెళ్తే సార్ ఒక మాట చెప్పారు. 1953లో యేల్ యూనివర్సిటీలో తమ లక్ష్యాలు కాగితం మీద రాసిపెట్టుకున్న 3 శాతం మంది, 20 ఏళ్ల తర్వాత మిగతా అందరూ కలిపి సంపాదించినదానికంటే ఎక్కువ సంపాదించారట. ఆ ఊపులో నేనూ రూమ్మేటూ చెరో చార్టు కొనుక్కొచ్చి, ఆదివారం పుస్తకాల్లోంచి మాకు కావాల్సినవాటి బొమ్మలు కత్తిరించి అతికించి, విజన్ బోర్డని గోడకి పెట్టుకున్నాం. నా దాంట్లో బుగ్గ కారు, ముందు తోట ఉన్న బంగ్లా, మా అమ్మ ఫొటో. పొద్దున లేవగానే చూస్తే మనసు తేలికైపోయేది. కానీ జూన్‌లో లెక్క చూసుకుంటే రోజుకి చదివే గంటలు తగ్గాయి, మాక్ టెస్టుల్లో పాలిటీ తప్ప ఏదీ పెరగలేదు. మొన్న బోర్డు తీసేశాను. రూమ్మేట్‌కి కోపం వచ్చింది, నమ్మకం లేకపోతే ఎలా అంటోంది. మీరేమంటారు?

అమీర్‌పేట_టెస్టర్:
మంచి పని చేశావు చెల్లీ. ఆ యేల్ కథని ముందు బుర్రలోంచి తీసెయ్. అలాంటి సర్వే ఎప్పుడూ జరగలేదు, యేల్ దగ్గర కూడా దాని ఆధారం ఏమీ దొరకలేదు. అయినా క్లాసు తర్వాత క్లాసులో చెప్తూనే ఉన్నారు, పిల్లలు ఫీజులు కట్టి వింటూనే ఉన్నారు. ఇంకో సంగతి, కార్ల మీద ఎర్ర బుగ్గలు 2017 మే 1 నుంచి లేవు. ఉద్యోగంలో చేయాల్సిన పనేమిటో ఆ బోర్డు మీద ఎక్కడుంది? కారు ఉంది, బంగ్లా ఉంది, అర్జీ పట్టుకుని వచ్చిన మనిషి లేడు. ఊహల్లో మేడలు కడితే కడుపు నిండినట్టే అనిపిస్తుంది, అదే ప్రమాదం.

నల్లకుంట_అమ్మ:
తమ్ముడూ, అందరినీ ఒకే గాటన కట్టొద్దు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. నా భర్తకి ఏం కావాలో, పిల్లలకి ఏం కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మా ఆడపడుచు కూతురు ఒకరోజు చార్టు నా ముందు పెట్టి "అత్తా, నీకేం కావాలో అతికించు" అంటే అరగంట చేతిలో కత్తెర పట్టుకుని కూర్చున్నాను, ఒక్కటీ తోచలేదు. నలభై రెండేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదని అప్పుడే తెలిసింది. చివరికి ఒకే ఒక బొమ్మ అతికించాను, పీకో మెషిన్. ఆ పనికి నా దగ్గరికొచ్చిన చీరలన్నీ పక్క వీధి షాపుకే పంపేదాన్ని మరి. బీరువా తలుపు లోపలివైపు అంటించి, కింద పెన్సిల్‌తో నెల నెలా ఎంత దాచానో రాసుకుంటూ పోయాను. నడుమ మా అత్తగారి ఆపరేషన్ వచ్చి రెండు నెలలు సున్నా అని రాశాను, అది రాయడానికి చెయ్యి రాలేదు. తర్వాత చీటీ ఎత్తుకుని, పద్నాలుగో నెలలో మెషిన్ ఇంటికొచ్చింది. బొమ్మే తెచ్చిందని నేననను. కానీ ఆ బొమ్మ లేకపోతే నాకు మెషిన్ కావాలని నాకే తెలిసేది కాదు.

ఓయూ_సైకాలజీ:
ఇద్దరి మాటా నిజమే, దాని వెనక పరిశోధన కూడా ఉంది. 1999లో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ పరీక్ష ముందు కొందరు విద్యార్థులని మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకోమన్నారు, ఇంకొందరిని తాము కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకోమన్నారు. చదవడం ఊహించుకున్నవాళ్లు త్వరగా మొదలుపెట్టారు, మార్కులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. 2011లో హెథర్ కాపెస్, గాబ్రియేలె ఎటింగెన్ చేసిన ప్రయోగాల్లో, అంతా బాగా జరిగిపోయినట్టు ఊహించుకున్నాక మనుషుల్లో ఊపు తగ్గిందని రక్తపోటు కొలతలోనే తెలిసింది. మనసు తేలికైపోయేదని పోస్టులో రాశారు చూడండి, అది అదే.

ఎటింగెన్ దీనికి చెప్పిన మార్గం, కోరికనీ అది తీరితే ఎలా ఉంటుందో కూడా తలుచుకుని, వెంటనే అడ్డొచ్చేదేమిటో చూసుకోవడం. ఆ తర్వాత పీటర్ గోల్‌విట్జర్ పద్ధతిలో, ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తానని ఒక్క వాక్యం. నల్లకుంట అమ్మగారు ఇవేవీ తెలియకుండానే బొమ్మ కింద సున్నాలు రాసుకున్నారు. నా ఉద్దేశంలో బోర్డు మీద విలువైనది ఆ సున్నాలే.

అమీర్‌పేట_టెస్టర్:
అక్కా, మీ మెషిన్ సంగతి ఒప్పుకుంటాను, దండం పెడతాను. కానీ మెషిన్‌కి డబ్బు పోగేస్తే వస్తుంది. ర్యాంకు అలా కాదు, పోస్టులు వందల్లో, రాసేవాళ్లు లక్షల్లో. ఎంత బాగా చదివినా రాకపోవచ్చు. రోజూ కళ్ల ముందు ఆ బంగ్లా ఉంటే, రాని రోజున గోడ మొత్తం ఓటమిలా కనిపిస్తుంది. మా తమ్ముడు అలా చార్టు చించి, ఆరు నెలలు ఊరికి ఫోన్ చేయలేదు. అందుకే మన చేతిలో లేనిదాన్ని గోడకి అతికించొద్దంటున్నాను.

నల్లకుంట_అమ్మ:
అయ్యో, ఆ మాట ముందే చెప్పాల్సింది తమ్ముడూ. ఇప్పుడు మాట్లాడుతున్నాడా?

అమీర్‌పేట_టెస్టర్:
మాట్లాడుతున్నాడక్కా. కూకట్‌పల్లిలో ఉద్యోగం, పండక్కి వచ్చాడు.

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్:
అందరికీ థాంక్స్. రాత్రి చార్టు మళ్లీ బయటికి తీశాను. కారు, బంగ్లా పీకేశాను, జిగురుతో కాగితం పొర కూడా లేచొచ్చింది. అమ్మ ఫొటో ఉంచాను. అడ్డొచ్చేదేమిటని ఆలోచిస్తే ఫోనే, రాత్రి 9 నుంచి 11 దాకా. అందుకే పొర లేచిన చోట ఇలా రాశాను: "మెస్‌లో ప్లేటు కడగ్గానే ఫోన్ వార్డెన్ అక్కకి ఇచ్చి ఎకానమీ తీస్తాను." కింద రోజుకో గడి గీశాను. రూమ్మేట్ తన బోర్డు అలాగే ఉంచుకుంది, తనకి అదే ధైర్యమంటోంది, నేనూ ఇక వాదించలేదు. పొద్దున చూస్తే నా మొదటి గడిలో టిక్కు తనే పెట్టింది.