ఫ్యూజ్డ్ ఇమేజ్: మిశ్రమమా, జమిలా?

మా బాపుకు హైదరాబాద్‌లో గుండె పెట్-సీటీ స్కాన్ తీయించి హన్మకొండ వచ్చాం. రిపోర్టులో 'ఫ్యూజ్డ్ ఇమేజెస్' అని చదువుతుంటే అమ్మకు గాబరా. "ఫ్యూజ్ పోయిందా బిడ్డా?" అంది. సీటీలో రక్తనాళం ఎక్కడ పూడిందో తెలుస్తుంది, పెట్‌లో గుండె కండకు నెత్తురు అందుతోందో లేదో తెలుస్తుంది, ఆ రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి పరిచారని చెప్పాను. ఇంత పొడుగు లేకుండా ఒక్క మాట ఉందా? నాకు 'మిశ్రమ చిత్రం' తోచింది గానీ, మందు సీసా మీది మాటలా ఉంది.

జవాబు: మిశ్రమం వద్దన్నా. పాలల్లో నీళ్లు కలిపితే మళ్లీ విడదీయలేం. ఇక్కడ కంప్యూటర్‌లో పెట్ రంగు తగ్గిస్తే, కింద సీటీ నలుపు తెలుపుల్లో అట్లాగే ఉంటుంది. మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసిన ఇల్లు. రెండు పోగులు కలిపి ఒక్కటిగా నడిపితే జమిలి. వేలితో విప్పితే మళ్లీ రెండు. 'జమిలి చిత్రం' అనండి.

జవాబు: జమిలి అనగానే జనానికి ఎన్నికలే గుర్తొస్తాయి కదా, ఒకేసారి జరిగేవని. నేను స్కానింగ్ పనిలోనే ఉన్నా. పెట్-సీటీలో రెండూ ఒకేసారి తీయం. బల్ల ఒకటే. సీటీ సెకన్లలో అయిపోతుంది, పెట్‌కు నిమిషాలు పడుతుంది. ఈలోగా ఊపిరికి గుండె కాస్త జరుగుతుంది. రెండు బొమ్మలూ సరిగ్గా కుదరకపోతే, బాగున్న గుండె గోడకు కూడా నెత్తురు అందనట్టు కనిపిస్తుంది. అందుకే ముందు అవి కుదిరాయో లేదో చూసుకుంటాం. అచ్చంగా ఒకేసారి తీయగలిగేది పెట్-ఎంఆర్‌ఐలో.

జవాబు (కొత్తవాడ): పోగులూ అంతే సార్. జంటలో ఒకటి వదులైతే బట్ట మీద ఉబ్బుతుంది. అంతమాత్రాన జమిలి కాకుండా పోతుందా? మరి వేరువేరు మిషన్ల మీద తీసి, తర్వాత కలిపినదాన్ని ఏమందాం?

జవాబు (స్కానింగ్): దానికి 'అతుకు బొమ్మ' సరిపోతుంది. రెండూ ఒకే మిషన్‌లో ఉన్న పెట్-సీటీ తొలి నమూనా 1998లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పనిచేసింది. అంతకుముందు పెట్‌నూ సీటీనీ కలపాలంటే అతుకే గతి. సరే, నా ఓటూ జమిలికే.

మొదట అడిగింది నేనే: అమ్మకు 'జమిలి బొమ్మ' అని చెప్పి చూశాను. "అట్ల చెప్పు. మరి ఏ పోగు తెగింది?" అంది. ఏదీ తెగలేదమ్మా, సీటీలో నాళం ఒకచోట సన్నబడింది గానీ, పెట్‌లో నెత్తురు బాగానే అందుతోంది అన్నాను. అప్పుడు లేచి చాయ్ పెట్టింది.