సొంత పాటలు ఒక్కరే రికార్డు చేసి విడుదల చేస్తున్నారా? మీ అనుభవాలు చెప్పండి (హైదరాబాద్)

మల్కాజిగిరి_గాత్రం:
పాట నేనే రాసుకుని, బాణీ కట్టుకుని పాడతాను. బ్యాండ్ లేదు, సినిమా అవకాశాల కోసం తిరగడం లేదు. ఏటా కొన్ని పాటలు విడుదల చేసుకుంటూ పోవాలని ఉంది. స్టూడియోకి వెళ్లాలా, ఇంట్లో చేసుకోవాలా? డబ్బు ఏయే దారుల్లో వస్తుంది? ఇప్పటికే చేస్తున్నవాళ్లు చెప్పగలరు.

కృష్ణానగర్_ట్రాక్:
తమ్ముడూ, నేను చాలా ఏళ్లుగా సినిమా పాటలకు ట్రాక్ పాడుతున్నాను. పేరున్న గాయకులు వచ్చి పాడాక మా గొంతు తీసేస్తారు. అయినా మైక్ దగ్గర ఎలా నిలబడాలో, ఊపిరి వినపడకుండా ఎక్కడ తీసుకోవాలో నేర్పింది ఆ పనే. సొంత పాటకైతే ముందు ఇంట్లో స్క్రాచ్ (కచ్చా రికార్డింగ్) పాడి కొన్నాళ్లు వింటాను. నోటికి అడ్డం పడే మాటలన్నీ అప్పుడే మార్చేస్తాను. స్టూడియోకి గంటల లెక్కన కడతాం కాబట్టి అక్కడ కూర్చుని చరణం దిద్దుకోవడం దండగ. ఇంకో మాట, స్టెమ్స్ (గొంతు, వాద్యాల విడివిడి ఫైళ్లు) అన్నీ మీ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాకే బయటికి రండి. నేను పాడిన ఒక స్టూడియో మూతపడింది. ఆ పాటను మళ్లీ మిక్స్ చేయించే దారే లేకుండా పోయింది.

అడిక్‌మెట్_హోమ్‌స్టూడియో:
మా గల్లీలో పగలు ట్యాంకర్లు, ఆటోలు, పక్కింటి మిక్సీ. కండెన్సర్ మైక్ వాటన్నిటినీ పట్టేస్తుంది, పైగా దానికి 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇచ్చే ఇంటర్‌ఫేస్, అంటే మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, కావాలి. అందుకే గొంతుకి బయటి శబ్దాలు తక్కువ పట్టే డైనమిక్ మైక్ వాడతాను, దగ్గరగా పాడితే చాలు. గది ప్రతిధ్వని తగ్గడానికి బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచి, ఫ్యాన్ ఆపేసి, రాత్రి పొద్దుపోయాక దాని ముందు పాడతాను. కేబుళ్లు, స్టాండ్లు కోఠి గుజరాతీ గల్లీలో చూడండి. ఫైల్ మాత్రం నాణ్యత తగ్గని 24 బిట్ వేవ్ (WAV) ఫార్మాట్‌లోనే దాచుకోండి, ఎంపీ3 మాస్టర్‌గా (అసలు ప్రతిగా) పనికిరాదు.

బోయిన్‌పల్లి_గిటార్:
డబ్బు సంగతి నేను చెప్తాను. మన దగ్గర చాలామంది నష్టపోయేది ఇక్కడే.

పాటలో రెండు హక్కులుంటాయి. రికార్డింగ్ ఒకటి, దాని కింద ఉన్న సాహిత్యం, బాణీ మరొకటి. యాప్‌లలో వినేవాళ్ల వల్ల రికార్డింగ్‌కి వచ్చే డబ్బు, మన పాటను ఆ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా అందుతుంది. రచయితకు, స్వరకర్తకు రావలసింది ఐపీఆర్ఎస్ అనే రాయల్టీ సంస్థ వసూలు చేస్తుంది. అందులో సభ్యత్వం తీసుకుని ప్రతి పాటా నమోదు చేయాలి, ఊరికే చేరితే సరిపోదు. 2012 కాపీరైట్ సవరణ తర్వాత ఆ రాయల్టీ వాటా రచయితలు, స్వరకర్తలు వదులుకున్నా చెల్లదు. గాయకుల హక్కులకు ఇసామ్రా (పాత పేరు ఇస్రా) అనే సంస్థ ఉంది.

ప్రతి రికార్డింగ్‌కి అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే ఐఎస్ఆర్‌సీ అనే గుర్తింపు కోడ్ ఉంటుంది. దాన్ని రాసి పెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే కోడ్, అదే ఆడియో ఇస్తే పాత స్ట్రీమ్‌లు సాధారణంగా అలాగే నిలుస్తాయి. కొత్త కోడ్ ఇస్తే లెక్క మళ్లీ సున్నా నుంచే.

స్పాటిఫైలో ప్లేలిస్టు కోసం పాట పంపాలంటే విడుదలకు ముందే పంపాలి, కనీసం 7 రోజుల ముందు పంపడం మంచిది. 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటని పాటకు అక్కడ 2024 నుంచి రికార్డింగ్ రాయల్టీ రావడం లేదు. అందుకే నేను వరసగా పాటలు కుమ్మరించను. ఒక పాట వినేవాళ్లకు చేరేదాకా దాని వెంటే ఉంటాను.

నల్లకుంట_వయొలిన్:
బోయిన్‌పల్లి అన్నా, ఇంకొకటి కూడా చెప్పాలి. ఇంటర్నెట్‌లో కొన్న బీట్ లేదా లూప్ (పదేపదే వచ్చే రెడీమేడ్ సంగీతపు ముక్క) మీద పాడితే యూట్యూబ్ కంటెంట్ ఐడీ, అంటే మన పాట వాడిన వీడియోలను గుర్తుపట్టే ఏర్పాటు, ఆన్ చేయకండి. అదే లూప్ వాడినవాళ్లందరి వీడియోల మీదా మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది, తిరిగి మీ మీదా పడుతుంది.

మల్కాజిగిరి_గాత్రం:
చాలా థ్యాంక్స్. ముందు సినిమా పాటల కవర్లు చేసి పేరు తెచ్చుకోమని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

కృష్ణానగర్_ట్రాక్:
నేను ఒప్పుకోను. కవర్ విన్నవాళ్లు పాటను గుర్తుపెట్టుకుంటారు, మిమ్మల్ని కాదు. వీడియో మీద వచ్చే ఆదాయం కూడా చాలాసార్లు మ్యూజిక్ కంపెనీకే పోతుంది. సినిమా బయటి పాటకు మన దగ్గర మంచి చరిత్రే ఉంది. ఘంటసాల గారు సినిమాల్లో తీరిక లేకుండా ఉన్నప్పుడే కరుణశ్రీ పద్యాలను ప్రైవేటు రికార్డుగా ఇచ్చారు. ఆయన భగవద్గీత ఇప్పటికీ ఊరూరా మోగుతోంది. వాటికి హీరో లేడు, సినిమా కథ లేదు, ఆ గొంతే ఆధారం.

తార్నాక_లలితం:
ఆకాశవాణి ఆడిషన్ మర్చిపోకండి. లలిత సంగీతంలో గ్రేడ్ వస్తే ప్రసారానికి పారితోషికం ఇస్తారు. నాకు దానివల్లే కచేరీలు పెరిగాయి. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక లాంటి చోట చిన్న సభలో కొత్త పాట పాడి చూస్తే, జనం ఏ చరణం దగ్గర ఫోన్ తీస్తున్నారో తెలిసిపోతుంది. ఆ చరణం మార్చుకున్నాకే రికార్డింగ్‌కి వెళ్తాను.

మల్కాజిగిరి_గాత్రం:
చివరి ప్రశ్న. నా పాటకు ఫ్లూట్ వాయించిన అబ్బాయికి ఒకేసారి డబ్బు ఇచ్చేశాను. వాటా కూడా ఇవ్వాలా?

బోయిన్‌పల్లి_గిటార్:
మీరు ఇచ్చిన స్వరాలే వాయిస్తే మీరు మాట్లాడుకున్న పారితోషికంతో సరిపోతుంది. పాటలో వచ్చే ఫ్లూట్ బిట్ అతనే కట్టి ఉంటే మాత్రం బాణీలో వాటా ఇవ్వడమే న్యాయం. విడుదలకు ముందే ఎవరికి ఎంత శాతమో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి, ఐపీఆర్ఎస్‌లో కూడా అవే అంకెలు నమోదు చేయండి.