పట్నం మునగకుండా పొలాలు ముంచడం సబబేనా?

గట్టుమీద:
వరదల వార్త చూసిన ప్రతిసారీ నన్ను తొలిచే ప్రశ్న ఇది. నది నిండుగా వస్తోంది. దిగువన పట్నం, ఎగువన పొలాలు. పొలాల వైపు కరకట్టకి మనమే గండి కొడితే పట్నం గట్టెక్కుతుంది. కొట్టాలా, వద్దా?

ఇది నా ఊహ కాదు. 2011 మే 2 రాత్రి అమెరికాలో మిసిసిపీ నది మీద బర్డ్స్ పాయింట్ దగ్గర ఆర్మీ ఇంజినీర్లు కరకట్టని పేల్చేశారు. దాదాపు 1,30,000 ఎకరాల సాగుభూమి నీటి పాలైంది. ముఖ్యంగా కాపాడాలనుకున్నది కైరో అనే ఊరిని. అక్కడి జనాభా మూడు వేల లోపే. ఆపమని వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా ఆగలేదు. మీరేమంటారు? తిట్టుకోకుండా చెప్పండి.

నీటిలెక్క:
ఇందులో చర్చకేముంది? నేను ముప్పై ఏళ్ళు నీటిపారుదలలో పనిచేసి రిటైరయ్యాను. నది మోయగలిగినంతే మోస్తుంది. మిగతా నీళ్ళు ఎక్కడో ఒకచోట పొర్లాలి. ఎక్కడ పొర్లాలో మనం తేల్చకపోతే నదే తేలుస్తుంది, అదీ అందరూ నిద్రపోయే వేళ చూసి.

కట్ట ఎత్తు పెంచుకుంటూ పోతే సరిపోతుందనేవాళ్ళు కోసీ నదిని చూడండి. రెండు వైపులా కట్టలు కట్టేసరికి, నది మోసుకొచ్చే మట్టి పొలాల మీద పరుచుకునే దారి లేక మధ్యలోనే పేరుకుని అడుగు పైకి లేచింది. 2008 ఆగస్టు 18న నేపాల్లోని కుసహా దగ్గర కట్ట తెగింది. ఆ రోజు వచ్చింది పెద్ద వరద కూడా కాదు, కట్ట తట్టుకోవాల్సిన దానిలో ఐదో వంతు కూడా లేదు. అయినా నది పాత దారి వదిలేసి, వరద ముఖమే మరచిపోయిన ఊళ్ళ మీదికి పోయింది. బీహార్లో లక్షల మంది ఇళ్ళు విడిచి పోవాల్సొచ్చింది.

పంట పోతే మళ్ళీ వేసుకుంటాం, మనిషి పోతే తేలేం. పైగా వరద తీశాక పొలానికి ఒండ్రు పడుతుంది, తర్వాతి పంట ఇంకా బాగా వస్తుంది. నైలు నది ఒడ్డున వేల ఏళ్ళు బతికింది ఆ ఒండ్రు మీదే కదా.

ముంపుపొలం:
సార్, ఒండ్రు పడుతుందని మీరు ఏ పొలంలో చూశారు? కట్ట మీద నిలబడి చూశారా, పొలంలో దిగి చూశారా?

నది తనంతట తాను మెల్లగా పొర్లితే సన్నటి మట్టి పడుతుంది, నిజమే. గండి పడితే వచ్చే నీళ్ళు వేరు. ఆ తోపుకి ముందు గండి దగ్గర గొయ్యి పడుతుంది. అందులోంచి లేచినదీ, నది అడుగున ఉన్నదీ కలిసి ఇసుకంతా పక్క పొలాల మీద మేట వేస్తుంది. మీరు చెప్పే ఒండ్రు నీళ్ళు నెమ్మదించాక ఎక్కడో దూరాన పడుతుంది. అంటే గొయ్యీ ఇసుకా మాకు, ఒండ్రు వేరేవాళ్ళకి.

మా పొలం గండికి రెండు ఫర్లాంగులు. పడినదేంటో మీరే ఊహించుకోండి.

చినుకు:
మొదలైంది.

నీటిలెక్క:
మీ ఒక్క పొలం చూసి సిద్ధాంతం చేయకండి. ఇసుక పడేది గండి దగ్గర కొద్ది ఎకరాల్లోనే. బర్డ్స్ పాయింట్లో మే నెలలో ముంచిన భూముల్లో చాలా భాగంలో అదే ఏడు సోయా వేశారు. వేశారా లేదా?

ముంపుపొలం:
వేశారు. పేల్చిన చోట పడ్డ గోతుల సంగతి కూడా చెప్పండి మరి. ఆ ముంపులోనే పిన్‌హుక్ అనే చిన్న ఊరుండేది. నల్లజాతి రైతు కుటుంబాలు ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ఊరు. ఆ ఊరు మళ్ళీ అక్కడ లేవలేదు. సోయా మొలిచింది, ఊరు మొలవలేదు.

"కొద్ది ఎకరాలు" అన్నారు. ఆ కొద్ది ఎకరాలు ఎవరివో వాళ్ళకి అవే మొత్తం.

నీటిలెక్క:
విషయం పక్కకి వెళ్తోంది. నేనన్నది ఒండ్రు గురించి. నది మట్టిలో పోషకాలు ఉంటాయా, ఉండవా?

ముంపుపొలం:
ఉంటాయి. ఇసుకలో ఉంటాయా?

ఊరిచివర:
ఒండ్రు, ఇసుక, ఒండ్రు, ఇసుక. ఇద్దరూ ఒక రోజు సెలవు తీసుకోండి. వరద తీశాక పాములు ఇళ్ళల్లోకి, గడ్డివాముల్లోకి చేరతాయి, దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

పాడి_ఇల్లు:
మీరంతా ఎకరాల్లోనే మాట్లాడుతున్నారు. మాకు పొలం లేదు, మూడు గేదెలుండేవి. కట్ట తెంచుతారని మైకులో చెప్పినప్పుడు మనుషుల్ని బయటికి రమ్మన్నారు, వచ్చాం. గేదెల పలుపులు విప్పమని ఎవరూ చెప్పలేదు. ఆ కంగారులో మాకూ తోచలేదు. గంటలో తిరిగొస్తాం అనుకున్నాం. నాలుగో రోజు పడవలో వచ్చి చూశాం. కట్టుకొయ్యలకి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

పాల డబ్బుల మీద మా అమ్మాయి ఫీజు కడుతుండేదాన్ని. ఆ ఏడు కాలేజీ మానేసింది. తర్వాతి ఏడు వెళ్తానంది, వెళ్ళలేదు. సర్వేకి వచ్చినాయన చనిపోయిన పశువుల ఫోటోలు అడిగాడు. ఆ నీళ్ళల్లో ఫోటో తీసేవాళ్ళెవరండీ?

నీటిలెక్క గారూ, పంట మళ్ళీ వేసుకోవచ్చన్నారు. చదువు మళ్ళీ వేసుకోవచ్చేమో కూడా చెప్పండి.

చినుకు:
🙏

గట్టుమీద:
పాడి_ఇల్లు గారూ, చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నెదర్లాండ్స్‌లో ఇదే పని ఇంకోలా చేశారు. 1995లో వరద భయంతో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, కట్టలు పెంచుతూ పోయే బదులు నదికి చోటు వదలాలని తేల్చుకున్నారు. ఓవర్‌డీప్ అనే పల్లపు ప్రాంతంలో 17 రైతు కుటుంబాలుండేవి. అక్కడ వరద వదులుతామన్నప్పుడు రైతులే కూర్చుని సొంతంగా ప్లాన్ ఇచ్చారు. కట్ట వెంబడి ఎత్తైన మట్టిదిబ్బలు పోసి, ఇళ్ళూ పశువుల కొట్టాలూ వాటి మీద కడితే, కింది పొలం మునిగినా బతకొచ్చని. ఎనిమిది దిబ్బలు లేచాయి. మిగతావాళ్ళు పరిహారం తీసుకుని వేరే చోటికి వెళ్ళారు.

ముంపుపొలం:
అంటే సగానికి పైగా వెళ్ళిపోయారు. అయినా దిబ్బల్ని తప్పు పట్టను. వాళ్ళని ముందు అడిగారు, నన్ను అడగలేదు.

రెండెకరాలు:
నేను ఉద్యోగరీత్యా బయట ఉంటాను, ఊళ్ళో పొలం కౌలుకిచ్చాను. నాకర్థం కానిది ఒకటే. పరిహారం ఇస్తున్నారు కదా, ఇంకా ఏడుపెందుకు? రెండేళ్ళ కిందట మా పొలం మునిగితే డబ్బులు నేరుగా అకౌంట్లో పడ్డాయి. కాస్త ఆలస్యమైంది, అంతే.

ముంపుపొలం:
ఎవరి అకౌంట్లో?

రెండెకరాలు:
నా అకౌంట్లో. పొలం నాది కాబట్టి.

ముంపుపొలం:
పంట ఎవరిది?

రెండెకరాలు:
ఇప్పుడు ఆ తగువు ఇక్కడెందుకండీ?

ముంపుపొలం:
ఇక్కడే కావాలి. నేను మూడు రోజుల నుంచి ఇసుక ఇసుక అని అరుస్తుంటే నవ్వుకున్నారు. వినండి. నేను సాగు చేసేది కౌలు పొలం. విత్తనం నాది, ఎరువు నాది, అప్పు నాది. వెన్ను తీసి పాలు పోసుకునే దశలో తొమ్మిది రోజులు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక చూస్తే చేనంతా కుళ్ళు వాసన. "రెండు వారాలు మునిగినా తట్టుకునే స్వర్ణ సబ్-1 వరి వేసుకోవాల్సింది" అని ఒకాయన సలహా ఇచ్చాడు. అది తట్టుకునేది మొక్క పిలక వేసే వయసులో. వెన్ను మునిగితే ఏ రకమూ నిలవదు. పేరు మాత్రం అందరికీ తెలుసు.

సర్వేకి వచ్చారు, పాస్‌బుక్ చూశారు, యజమాని పేరు రాసుకున్నారు. నేను పక్కనే ఉన్నా. పొలం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని చూపించింది నేనే. డబ్బులు ఆయనకి పడ్డాయి. ఫోన్ చేస్తే, "కౌలు ఇంకా బాకీ ఉంది కదా, అందులోకి జమ కట్టుకున్నా" అన్నాడు. మునిగిన పంటకి కౌలు!

రెండెకరాలు:
మీ యజమాని చేసిన దానికి నన్నంటే ఎలా? కౌలు కాగితం రాసిస్తే రేపు పొలం మాదే అంటారని అందరికీ భయం. నాకూ ఉంది, దాచను.

నీటిలెక్క:
ఇదంతా పరిహారం పంచడంలో లోపం. గండి కొట్టడం తప్పని దీనితో రుజువు కాదు. రెండూ కలిపి జనాన్ని రెచ్చగొట్టకండి.

ముంపుపొలం:
రెచ్చగొట్టేది నేనా? ఆఫీసులో మ్యాపు మీద గీత గీసి, "ఇక్కడ నష్టం తక్కువ" అని రాసే మీలాంటివాళ్ళ వల్లే ఇదంతా. తక్కువని ఎలా లెక్కేశారు? మా పేర్లు ఏ కాగితంలోనూ లేవు కాబట్టే తక్కువ వచ్చింది. కాగితంలో లేనివాడి నష్టం సున్నా. ముంచడానికి మా వైపే ఎందుకు దొరుకుతుందో ఇప్పుడైనా తెలిసిందా?

ఊరిచివర:
మాటలు జాగ్రత్తండీ. పెద్దాయన.

నీటిలెక్క:
పర్వాలేదు, అననివ్వండి.

నేనూ ఒకటి చెప్పాలి. నా సర్వీసులో ఒక రాత్రి ఇలాంటిదే వచ్చింది. పొలాల వైపు తెంచుదామని సాయంత్రమే రాసి పంపాను. "రైతులు గొడవ చేస్తారు, తెల్లారేదాకా చూద్దాం" అని పైనుంచి జవాబొచ్చింది. తెల్లారలేదు. రెండున్నరకి కట్ట అవతలి వైపు తెగింది, ఇళ్ళ వైపు. పొద్దున శవాల్ని దించుతుంటే నేను అక్కడే ఉన్నాను. ఎంతమందో ఇక్కడ రాయను. అప్పటి నుంచి ఎవరైనా "వద్దు, ఆగండి" అంటే నాకు ఇంకేం వినపడదు.

మీరన్న గీత నేను గీశాను. కాదనను. ఆ గీత లోపల కౌలుదార్లు ఎంతమందో నాకు తెలియదు. అడగాలని కూడా తట్టలేదు.

పాడి_ఇల్లు:
అయ్యో.

ముంపుపొలం:
సార్, నోరు జారాను. తప్పయింది.

నేను ముంచొద్దని అనడం లేదు. ఆ మాట నేను ఎక్కడా రాయలేదు, పైకెళ్ళి చూడండి. మీ పట్నంలో మా చెల్లెలు ఉంటుంది.

నీటిలెక్క:
ఒక మాట నిజం చెప్పండి. వానాకాలానికి ముందే వచ్చి, "అవసరమైతే మీ వైపు తెంచుతాం, సాగు చేసేవాళ్ళ పేర్లన్నీ రాసుకుంటాం, డబ్బు వాళ్ళకే ఇస్తాం" అంటే ఒప్పుకునేవారా?

ముంపుపొలం:
ఆ రోజు ఒప్పుకునేవాణ్ణి కాదేమో. పోట్లాడేవాణ్ణి. ఆ పోట్లాట నదితో కాకుండా మనిషితో అయ్యుండేది. పాడి_ఇల్లు గారి గేదెల పలుపుల సంగతి కూడా ఆ గొడవలోనే ఎవరో ఒకరు ఎత్తేవాళ్ళు.

గట్టుమీద:
బర్డ్స్ పాయింట్లో అవసరమైతే పొలాల మీదికి వరద వదలొచ్చని, ఆ పేల్చివేతకి దాదాపు 80 ఏళ్ళ ముందే భూ యజమానుల దగ్గర హక్కులు కొనుక్కున్నారు. వాళ్ళూ ముందే అడిగినట్టే కదా?

ముంపుపొలం:
యజమానుల్ని అడిగారు. మళ్ళీ అక్కడికే వచ్చాం.

రెండెకరాలు:
ఒకటి అడుగుతాను, కోప్పడకండి. మా పొలంలోనూ ఇసుక ఉంది. తీసే ఖర్చు కౌలుదారే పెట్టుకోవాలి కదా? సాగు చేసేది ఆయనే.

ముంపుపొలం:
పంట డబ్బు వచ్చినప్పుడు పొలం మీది. ఇసుక తీయాల్సి వచ్చినప్పుడు మాది. నేను మూడు రోజుల నుంచి చెబుతున్నది ఇదేనండీ.

చినుకు:
రెండెకరాలు గారూ, ఆ డబ్బులో మీ కౌలుదారుకి ఎంతిచ్చారు?

చినుకు:
ఆన్‌లైన్లో ఉన్నట్టు కనిపిస్తోంది మరి.

నీటిలెక్క:
ముంపుపొలం గారూ, మీ పొలంలో మేట ఎంత మందం ఉంది? జానెడు లోపుంటే తీయక్కర్లేదు, లోతు దుక్కి చేసి కింది మట్టితో కలిపేయొచ్చు.

ముంపుపొలం:
గట్టు పక్కన జానెడే. గండి వైపు మోకాలి దాకా ఉంది.

నీటిలెక్క:
మోకాలంటే తీయించాల్సిందే. గట్టు పక్కది మాత్రం ఈ వేసవిలోనే దున్నేయండి, ఆగకండి.