కిన్షాసాలో తిండి కోసం తిరగాలంటే గైడ్‌ని ఎలా చూసుకోవాలి?

వచ్చే నెల నేనూ, మా ఆవిడా డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో రాజధాని కిన్షాసా వెళ్తున్నాం. హోటల్ భోజనంతో సరిపెట్టుకోకుండా, స్థానిక గైడ్‌ని తీసుకుని నగరంలోని మతోంగే పేట వైపు తిరగాలని నా కోరిక. ముఖ్యంగా లిబోకే తినాలి: చేపకి ఉల్లి, టమాటా, మిరపకాయ దట్టించి, ఆకుల్లో మూటగట్టి నిప్పుల మీద కాలుస్తారు. పక్కన చిక్వాంగ్, అంటే పులిసిన కర్రపెండలం పిండిని ఆకులో చుట్టి ఉడికించినది.

మా ఆవిడ శాకాహారి. కర్రపెండలం ఆకులతో చేసే పొండు ఆమెకి నచ్చుతుంది, కానీ అందులో తరచూ చేప కలుపుతారు. చేప వేయకుండా వండిపెట్టేవాళ్ళు ఉన్నారా? మాకు ఫ్రెంచి, లింగాలా రెండూ రావు. ఇంగ్లీషు వచ్చిన, నమ్మకమైన గైడ్ ఎలా దొరుకుతాడు? పూటకి ఎంత అడుగుతారు? వీధుల్లో ఫోటోలు తీస్తే పోలీసులతో ఇబ్బందా? అక్కడ ఉంటున్న తెలుగువాళ్ళెవరైనా చెప్తే ఎంతో మేలు.