అమ్మ చిగుళ్ళ నుంచి రక్తం.. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయా?

బెజవాడ_బుజ్జి:
మా అమ్మకి 56, షుగర్ ఉంది, బీపీ టాబ్లెట్ కూడా వేసుకుంటది. బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందని ఆర్నెల్ల నుంచి బ్రష్ మానేసి వేలితో పళ్ళపొడి రుద్దుకుంటుంది. నోరు వాసన, కింద ముందు పళ్ళు రెండు కదులుతున్నాయి, జామకాయ కూడా ముక్కలు కోసి ఇవ్వాల్సొస్తుంది. మెడికల్ షాపులో జెల్ తెచ్చా, రాసిన నాలుగు రోజులు బానే ఉంటది మళ్ళీ మామూలే. డాక్టర్ దగ్గరికి పోదాం అంటే, ఎదురింటి పిన్నిగారికి క్లీనింగ్ చేయించాక పళ్ళు కదిలిపోయాయంట, ఇక మా అమ్మ గుమ్మం దాటట్లేదు. నిజంగా అలా అవుద్దా?

పళ్ళడాక్టర్_గుంటూరు:
పిన్నిగారు అబద్ధమేం చెప్పలేదండీ, కారణమే తిరగబడింది. పాచి తియ్యకపోతే ఉమ్మిలో ఉండే కాల్షియం పట్టి గట్టి గార అవుద్ది, ఇక అది బ్రష్‌కి రాదు. ముందు చిగురు వాచి రక్తం వస్తది, ఆ దశలో క్లీన్ చేస్తే పూర్తిగా తగ్గిపోద్ది. వదిలేస్తే చిగురు పంటిని వదిలి సంచిలా అయ్యి లోపల ఎముక కరుగుద్ది. ఎముక పోయిన పళ్ళని ఆ గారే సిమెంట్‌లా పట్టుకుని ఉంటది, అది తీసేసరికి కదులుడు బయటపడుద్ది, జనం క్లీనింగ్‌ని తిడతారు.

సన్నటి కడ్డీతో చిగురు లోతు కొలుస్తాం. 3 మిల్లీమీటర్ల లోపైతే మామూలే, 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మత్తిచ్చి వేరు దాకా డీప్ క్లీనింగ్, ఆ తర్వాత కూడా 6 గానీ ఆ పైన గానీ ఉంటే ఫ్లాప్ సర్జరీ (చిగురు తెరిచి లోపల శుభ్రం చేసే ఆపరేషన్) గురించి ఆలోచిస్తాం. జెల్ లోపలి గారని ఏం చెయ్యలేదు. సాఫ్ట్ బ్రష్ ఇవ్వాళే మొదలుపెట్టించండి, రక్తం వచ్చేది వాపు వల్ల, బ్రష్ వల్ల కాదు. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు మానవు, చిగుళ్ళు చెడితే షుగర్ కంట్రోల్‌కి రాదు, కాబట్టి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష) చేయించండి. అవునూ, బీపీ టాబ్లెట్ పేరేంటి? అమ్లోడిపిన్ కొందరికి చిగుళ్ళు పెరిగేలా చేస్తది. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

మిర్చియార్డ్_మావయ్య:
మా నాన్నది ఇంకో కథ, ముప్పై ఏళ్ళు చుట్ట తాగాడు, చుక్క రక్తం రాలేదు, నాకేంట్రా నా పళ్ళు రాళ్ళు అనేవాడు. పొగ తాగేవాళ్ళకి లోపల చెడుతున్నా రక్తం పెద్దగా కనపడదంట. ఓ సంక్రాంతికి గారె కొరికితే పన్ను గారెలోనే ఉండిపోయింది (గార పోలేదు గానీ గారె పన్ను తీసుకెళ్ళింది). తర్వాత గుంటూరు దగ్గర తక్కెళ్ళపాడు డెంటల్ కాలేజీకి తీసుకెళ్ళాం, పీజీ పిల్లలు చేస్తారు, పెద్ద సార్లు చూసుకుంటారు, టైం పడుద్ది కాబట్టి పొద్దున్నే వెళ్ళండి.

కొత్తపేట_కుమారి:
లవంగ నూనె రాయండి, మా అత్తయ్యకి నొప్పి పోయింది.

పళ్ళడాక్టర్_గుంటూరు:
నొప్పి పోద్ది, రోగం ఉంటదమ్మా. నేరుగా చిగురుకి రాస్తే కాలి పుండు పడుద్ది కూడా. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే చాలు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టర్ రాస్తేనే, ఎక్కువ రోజులు వాడితే పళ్ళకి మరకలు పడి రుచి మారుద్ది.

బెజవాడ_బుజ్జి:
చీటీ చూశా, అమ్లోడిపినే. హెచ్‌బీఏ1సీ ఏడాది నుంచి చేయించలేదు, రేపు పరగడుపున రక్తం ఇచ్చేటప్పుడు అది కూడా రాయిస్తా. ఇంకోటి, పిన్నిగారిని గట్టిగా అడిగితే రెండో సిట్టింగ్‌కి అసలు వెళ్ళనే లేదంట! శనివారం ఇద్దర్నీ ఒకే ఆటోలో ఎక్కిస్తున్నా.