సిలికాన్ మౌల్డ్ ఎంత తోమినా జిగురు పోవట్లేదు, పారేయడమేనా?

రెండేళ్లుగా వాడుతున్న సిలికాన్ కేక్ మౌల్డ్ ఒకటి, గరిటెలు రెండు ఉన్నాయండి. కడిగి ఆరబెట్టాక కూడా పట్టుకుంటే వేలికి జిగురుగా తగులుతున్నాయి. చిరాకొచ్చి ఓ రాత్రంతా సబ్బు నీళ్లలో నానబెట్టాను. జిగురు అలాగే ఉంది, పైగా మొన్నటి కేకు సబ్బు రుచి కొట్టింది! పిల్లలు ఒక్క ముక్క కొరికి వదిలేశారు. స్టీల్ పీచుతో తోమేయనా?

జవాబు 1:
స్టీల్ పీచు మాత్రం వద్దండి, గీతలు పడితే జిడ్డు వాటిలోనే చేరుతుంది. మీవి రెండు వేర్వేరు సమస్యలు. చేతికి తగిలేది మామూలు నూనె కాదు, ఓవెన్ వేడికి ముదిరి పొరలా అతుక్కున్న నూనె. ఇనప పెనం మీద ఇలాంటి పొర కోసమే అంత తంటాలు పడతాం, ఇక్కడేమో వదిలించుకోలేక చస్తాం. వంటసోడాలో కాసిని నీళ్లు కలిపి ముద్దలా పట్టించి, అరగంట ఆగి మెత్తటి స్పాంజితో రుద్ది వేడి నీళ్లతో కడగండి. ఒక్కసారికే పోతుందనుకోకండి.

సబ్బు రుచికి కారణం ఆ రాత్రంతా నానబెట్టడమే. సిలికాన్‌కి నీళ్లు అంటవు గానీ నూనెల్ని, సబ్బులోని సెంటుని బాగానే పీల్చుకుంటుంది. ఉత్త నీళ్లలో 10 నిమిషాలు మరిగించండి. అప్పటికీ పోకపోతే ఖాళీ మౌల్డ్‌ని ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచండి, కిటికీ తెరిచి పెట్టుకుని. కానీ జిడ్డు పూర్తిగా వదిలాకే ఈ పని చేయండి, లేకపోతే మిగిలిన నూనె ఇంకా గట్టిపడి కూర్చుంటుంది. మౌల్డ్ ఎంత వేడి వరకు తట్టుకుంటుందో ప్యాకెట్ మీద చూసుకోండి.

జవాబు 2:
మౌల్డ్‌కి నూనె స్ప్రే కొడుతుంటే ముందు అది ఆపండి, నా మౌల్డ్ పాడైంది దానివల్లే. గరిటెలకి చెక్క పిడి ఉంటే మరిగించొద్దు. తల ఊడివచ్చే రకమైతే ఓసారి ఊడదీసి లోపల చూడండి... నేను చూసిన రోజు అన్నం సహించలేదు, అంత బూజు.

జవాబు 3:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నా ఐస్ ట్రే మీద తెల్లటి పొర వస్తోంది, అదీ జిడ్డేనా?

జవాబు 1:
గరుకుగా, పొడిపొడిగా ఉంటే నీళ్లలోని ఉప్పు. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి కాసేపు నానబెట్టండి, సోడా అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
రెండుసార్లు సోడా పట్టించాను, మౌల్డ్ మూలల్లో తప్ప జిగురు పోయింది. మరిగించాక వాసన కూడా లేదు. గరిటె తల ఊడదీశాను, జవాబు 2 గారూ, మీరన్న బూజే! దాని అంచు కూడా చీలి ఉంది, ఇక పారేశాను. రెండోది తల ఊడదు, దాని లోపల ఏముందో ఆ దేవుడికే తెలియాలి.